షుల్ట్సె: ఒకే కమతం, ముగ్గురు యజమానులు, ఒక ఇంటిపేరు

క్లయింట్ ఉండేది ఒహాయోలో. కేసు మొదలైంది మాత్రం తెనాలిలో. ఆవిడ తెలుగావిడ, భర్త అమెరికన్, ఇంటిపేరు షుల్ట్సె. ఆవిడ నాన్నగారు తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్లి కుదిరిన రోజు అల్లుడి ఇంటిపేరు వినగానే ఆయనకి జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ (జర్మన్‌లో అదీ షుల్ట్సెయే) గుర్తొచ్చాడట. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలని చెప్పుకునేవి వేయించినాయన. ఇక అప్పటినుంచీ "మా అల్లుడిది షుల్జ్ దొరగారి వంశం" అని బంధువులందరికీ చెప్పుకుంటూ వచ్చారు. ఏళ్లు గడిచి మనవరాలికి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చేసరికి, ఆ మాట నిజమేనా అన్న ప్రశ్న పుట్టింది.

"అక్కా, నిజమైతే పిల్లలకి నేను చెప్పుకుంటా. కాదని తేలితే మాత్రం నాన్నకి మీరే చెప్పాలి" అంది మొదటి ఫోన్‌లోనే.

నేను లైప్‌జిగ్‌లో ఉంటాను. పాత జర్మన్ చర్చి రిజిస్టర్లు చదివి, అడిగినవాళ్లకి వాళ్ల పూర్వీకుల జాడ తీసి ఇవ్వడం నా పని. క్లయింట్ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయనని మాటిచ్చాను.

వాళ్ల చేతిలో ఉన్నవి నాలుగు. మొదటిది ఫ్రేము కట్టిన కుటుంబ చిహ్నం, సింహం బొమ్మతో సహా. ఏదో వెబ్‌సైట్లో ఇంటిపేరు టైపు చేసి కొన్నారు. దాన్ని నేను వెంటనే పక్కన పెట్టాను. జర్మన్ సంప్రదాయంలో చిహ్నం ఇంటిపేరుకి ఉండదు, ఫలానా కుటుంబానికి, ఫలానా శాఖకి ఉంటుంది. షుల్ట్సెలందరికీ ఒకే సింహం అంటే రెడ్లందరికీ ఒకే తాళంచెవి అన్నట్టు. రెండోది అమెరికా జనాభా లెక్కల కాగితం. సముద్రం దాటొచ్చిన మొదటాయన పుట్టిన దేశం అందులో "ప్రష్యా" అని ఉంది, అంటే అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం. మూడోది ఒక నమ్మకం: "మా పేరులో టీ అక్షరం ఉంది (Schulze కాదు, Schultze), అదే అసలు రూపం, మిగతావాళ్లు మామూలు షుల్ట్సెలు." నాలుగోది వాళ్లు కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. భర్త డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తండ్రి వరసలో కలిసినవాళ్లలో ఒక్క షుల్ట్సె కూడా లేడు. ఎక్కడో ఏ ముత్తవ్వ విషయంలోనో ఏదో దాచారని ఆ ఇంట్లో చాలా కాలంగా లోలోపల టెన్షన్.

ముందు బెంజమిన్ గారి సంగతి. 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని జోన్నెన్‌బుర్గ్‌లో పుట్టాడు. ఇవాళ ఆ ఊరు పోలండ్‌లో ఉంది, పేరు స్వోన్స్క్. 1719లో మిషనరీగా తమిళ తీరంలోని తరంగంబాడి చేరాడు, 1726లో మద్రాసుకి మారాడు, అక్కడ తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాశాడు, బైబిలు అనువదించాడు. 1743లో ఇండియా వదిలి వెళ్లి, హాలే పట్నంలో తెలుగు అచ్చు వేయించాడు. 1760లో అక్కడే పోయాడు. ఆ మిషన్ కాగితాలు ఇప్పటికీ హాలేలో ఫ్రాంకె ఫౌండేషన్స్ ఆర్కైవులో ఉన్నాయి, మా ఇంటినుంచి రైల్లో ఎంతోసేపు పట్టదు. ఆయన పేరు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా కనిపిస్తుంది: టీతో ఒకచోట, టీ లేకుండా ఒకచోట, చివరి ఇ లేకుండా మరోచోట. టీ మీద పెట్టుకున్న నమ్మకం అక్కడే సగం పోయింది. టీ ఉన్నా లేకున్నా పలకడంలో అసలు తేడా లేదు. తెలుగులో రాస్తే రెండూ షుల్ట్సెయే కాబట్టి ఈ విషయంలో మన లిపి జర్మన్ లిపి కంటే నిజాయితీ గలది. జర్మనీలో ఇంటిపేర్ల స్పెల్లింగు గట్టిపడింది పుట్టుకలు, చావులు ప్రభుత్వ ఆఫీసులో నమోదు చేయడం మొదలయ్యాకే. ప్రష్యాలో అది 1874 అక్టోబరు నుంచి, దేశమంతటా 1876 జనవరి నుంచి. అంతకుముందు ఫాదరుగారి చెవికి ఎలా వినిపిస్తే అలా.

ఈ పేరు వెనకున్నది ఒక ఉద్యోగం. పాత జర్మన్‌లో స్కుల్ద్‌హైజో. స్కుల్ద్ అంటే బాకీ, చెల్లించాల్సింది. హైజ్ అంటే ఆజ్ఞాపించడం. "ఇవ్వాల్సింది ఇవ్వు" అని చెప్పే అధికారి. ఇటలీకి వలసపోయిన లాంబార్డుల దగ్గరా ఈ పదవి ఉండేది, 643లో రాజు రోతరి రాయించిన శాసనాల్లో కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ నాలుక మీద అరిగిపోయి షుల్ట్‌హైస్ అయింది, ఇంకా అరిగి షుల్ట్సె, షుల్ట్స్, షుల్టె, షోల్ట్స్ అయింది. షోల్ట్స్ ఎక్కువగా సైలీషియా (ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉంది) వైపు రూపం. 2021 నుంచి 2025 దాకా ఛాన్సలర్‌గా చేసిన ఒలాఫ్ షోల్ట్స్ పేరులో ఉన్నది అదే. చదువుకున్నవాళ్లు దీన్ని లాటిన్‌లోకి మార్చుకుని స్కుల్టేటుస్ అనో ప్రేటోరియుస్ అనో రాసుకున్నారు. సంగీతకారుడు మిఖాయెల్ ప్రేటోరియుస్ పుట్టింది షుల్ట్‌హైస్ ఇంట్లోనే. అప్పట్లో అదో ఫ్యాషన్. మహాకవి గోథె అమ్మగారి తండ్రి ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి షుల్ట్‌హైస్‌గా ఉన్నాడు. అది ఆయన పదవి. ఆయన ఇంటిపేరు టెక్స్టోర్, అంటే సాలెవారు. వెబర్ అనే మామూలు పేరుకి వేసిన లాటిన్ చొక్కా.

ఊరిపెద్దగా ఊరికి ఒక్కడే షుల్ట్సె ఉంటే ఆ పేరు, షుల్ట్స్ రూపంలో, జర్మనీలో మొదటి పది ఇంటిపేర్లలో ఎలా చేరింది అని క్లయింట్ అడిగింది. మంచి ప్రశ్న. ఊరికి ఒక్కడే కాబట్టే. ఊళ్లో నలభై ఇళ్లవాళ్లు రైతులే అయినప్పుడు ఎవరినీ "రైతు" అని గుర్తుపెట్టుకోరు. ఒక్కడున్న కమ్మరిని కమ్మరి అంటారు, ఒక్కడున్న పెద్దని పెద్ద అంటారు. అలాంటి ఊళ్లు వేలల్లో ఉన్నాయి. 1984లో కరణం, మునసబు, పటేల్ పట్వారీ పదవులు రద్దయినా మన ఊళ్లలో "కరణంగారిల్లు" ఇంకా కరణంగారిల్లే కదా, అలాగే అక్కడ ఇల్లే కాకుండా మనుషులకీ ఆ పిలుపు అంటుకుపోయింది. ఆ ఇంట్లో పాలేరుగా ఉన్నవాడికీ అంటుకుని ఉండొచ్చు. కాబట్టి ఒక షుల్ట్సెకి ఇంకో షుల్ట్సెతో చుట్టరికం కలపాలంటే పేరు తప్ప వేరే ఆధారం కావాలి.

పేరు ఒకటే అయినా ఉద్యోగం అన్నిచోట్లా ఒకటి కాదు. ఈ కేసు తేలింది ఆ తేడా వల్లే.

తూర్పున, అంటే బ్రాండెన్‌బర్గ్, సైలీషియా, పొమెరేనియా వైపు, 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా కొత్త ఊళ్లు కట్టారు. రైతుల్ని కూడగట్టి తీసుకొచ్చి భూమి పంచిపెట్టిన మేస్త్రీలాంటివాడే చాలాచోట్ల ఆ ఊరికి షుల్ట్సె అయ్యేవాడు. పదవి వంశపారంపర్యం. కొంత భూమికి శిస్తు ఉండదు, ఊరి పంచాయితీలో వేసే జరిమానాల్లో మూడో వంతు అతనిది, కొన్నిచోట్ల సారాకొట్టు, పిండిమిల్లు నడుపుకునే హక్కూ ఉండేది. బదులుగా శిస్తు వసూలు చేసి ప్రభువుకి కట్టాలి. బ్రాండెన్‌బర్గ్‌లో ప్రభువు సేవకి ఒక గుర్రాన్ని సిద్ధంగా పెట్టాలి కూడా. ఈ మాట పోలిష్‌లోకి వెళ్లి సోవ్టిస్ అయింది. జర్మనీలో పదవిగా చచ్చిపోయిన ఈ మాట పోలండ్‌లో ఇవాళ్టికీ బతికే ఉంది, అక్కడ గ్రామపెద్దని ఇప్పటికీ సోవ్టిస్ అనే అంటారు.

పడమట వెస్ట్‌ఫాలియాలో సంగతి వేరు. అక్కడ షుల్టె, షుల్ట్సె అంటే ఊరిపెద్ద కాదు. మఠానికో బిషప్‌కో చెందిన పెద్ద కమతాన్ని చూసుకుంటూ, చుట్టుపక్కల చిన్న కమతాల దగ్గర ధాన్యం, కోళ్లు, డబ్బు వసూలు చేసి పైకి పంపే మనిషి. లాటిన్ కాగితాల్లో విల్లికుస్ అంటారు. ఆ కమతాన్ని షుల్టె కమతం అనేవారు. మ్యున్‌స్టర్ చుట్టుపక్కల ఇవాళ్టికీ ఇంటిపేర్లు రెండు ముక్కలుగా ఉంటాయి: ముందు షుల్ట్సె, తర్వాత కమతం పేరు, మధ్యలో గీత కూడా ఉండదు.

రెండు ముక్కల షుల్ట్సెల్లో ప్రపంచానికి తెలిసినాయన మాత్రం వెస్ట్‌ఫాలియావాడు కాదు. 1848లో ప్రష్యా జాతీయ సభలో షుల్ట్సెలు ఎక్కువైపోయి గందరగోళంగా ఉంటే, హెర్మన్ షుల్ట్సె తన ఊరు డెలిచ్ పేరు తగిలించుకుని షుల్ట్సె-డెలిచ్ అయ్యాడు. సహకార బ్యాంకుల ఉద్యమానికి ఆద్యుల్లో ఒకడు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతులకి అప్పులు ఎలా ఇప్పించాలో చూడమంటే ఫ్రెడెరిక్ నికల్సన్ అనే బ్రిటిష్ అధికారి 1895లో, 1897లో ఇచ్చిన నివేదికల్లో షుల్ట్సె-డెలిచ్ పద్ధతి, మరో జర్మన్ సహకారవేత్త రైఫైజెన్ పద్ధతి రెండూ చర్చించి, చివరికి రైఫైజెన్ వైపు మొగ్గాడు. 1904 సహకార చట్టం ఆ దారిలోనే వచ్చింది. తెనాలి మాస్టారికి చెప్పడానికి ఇది పనికొస్తుందని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఒక షుల్ట్సె పోతే ఇంకో షుల్ట్సె.

ఇప్పుడు నా తప్పు. "ప్రష్యా" అన్న మాట చూసి నేనూ బెర్లిన్ వైపే చూశాను. బెంజమిన్ కథ అప్పటికే చెవిలో పడి ఉంది కదా. రెండు వారాలు బ్రాండెన్‌బర్గ్ ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్ల మధ్య తిరిగాను. సరైన పేరు, సరైన వయసు ఉన్న షుల్ట్సెలు ముగ్గురు దొరికారు కూడా. ఆ ముగ్గురూ ఊరు కదలకుండా అక్కడే పోయారు. 1815 తర్వాత వెస్ట్‌ఫాలియా కూడా ప్రష్యాలో రాష్ట్రమే. ఒహాయోలోని సిన్సినాటిలో జనాభా లెక్కలు రాసే గుమాస్తాకి డచ్ సరిహద్దు పక్క ఊరైనా, లిథువేనియా పక్క ఊరైనా ప్రష్యాయే. ఈ సంగతి నాకు తెలుసు, కొత్తవాళ్లకి చెబుతుంటాను కూడా.

దారి చూపించింది ఒక ప్రార్థన కార్డు. చివరిసారి ఇంకేమైనా పాత కాగితాలు ఉన్నాయా అని అడిగితే, "కాగితాలు లేవుగానీ అత్తగారి అమ్మమ్మ పుస్తకంలో ఇది ఉంది" అని ఫొటో పంపింది. చనిపోయినవాళ్ల పేరిట కేథలిక్ ఇళ్లలో పంచే అచ్చు కార్డు. ఒకవైపు మరియమ్మ, రెండోవైపు జర్మన్‌లో ప్రార్థన. బెంజమిన్ గారు లూథరన్ మిషనరీ. వీళ్లేమో మొదటినుంచీ కేథలిక్కులు. మతం మారి ఉండొచ్చు కదా అని వాదించొచ్చు, కానీ మారినట్టు ఆధారం చూపించాల్సింది వాదించేవాళ్లే. సిన్సినాటి చుట్టుపక్కల జర్మన్ కేథలిక్కుల్లో చాలామంది వాయవ్య జర్మనీనుంచి వచ్చినవాళ్లు. ఓడ జాబితాలు వెతకలేదు. ఆ వైపువాళ్లు ఎక్కువగా ఎక్కేది బ్రెమెన్‌లో, బ్రెమెన్ పాత జాబితాలు ఎప్పుడో పోయాయి. అందుకే అమెరికాలో ఆ మొదటాయన పెళ్లి జరిగిన చర్చి రిజిస్టరు తెప్పించాం. అక్కడి జర్మన్ ఫాదరు పుణ్యమా అని, వరుడి పేరు పక్కన పుట్టిన చర్చి పేరు కూడా ఉంది. మ్యున్‌స్టర్ బిషప్ పరిధిలోని పల్లెటూరు.

ఆ బిషప్ పరిధిలోని రిజిస్టర్లు మట్రికులా అనే సైట్లో ఉచితంగా చూడొచ్చు. ఆ రాత్రి పదకొండుకి కూర్చున్నాను. మన మనిషి జ్ఞానస్నానం ఇరవై నిమిషాల్లో దొరికింది. పేరు రెండు ముక్కలు: షుల్ట్సె, తర్వాత కమతం పేరు. టీ లేదు. అమెరికా వెళ్లాక పలకలేని రెండో ముక్క రాలిపోయింది, మిగిలిన ముక్కకి ఎవరో గుమాస్తా ఒక టీ తగిలించాడు. వాళ్లు గొప్పగా చెప్పుకున్న అక్షరం ఒహాయోలో పుట్టింది.

తండ్రి పెళ్లి కోసం వెనక్కి తిప్పాను. అక్కడ ఆ తండ్రి పేరు లేదు. తల్లి పేరు ఉంది, సరిగ్గా అదే కమతం, కానీ ఆమె పెళ్లాడినవాడి ఇంటిపేరు వేరు. ముందు వేరే మనిషి అనుకుని పేజీ దాటేశాను. మళ్లీ వెనక్కొచ్చి పెద్దది చేసి చూస్తే, వరుడి పుట్టింటి పేరు తర్వాత చిన్న అక్షరాల్లో ఒక లాటిన్ మాట ఉంది: "మోదో". దాని తర్వాత షుల్ట్సె, కమతం పేరు. మోదో అంటే "ఇప్పుడు". నిన్నటిదాకా ఫలానా, ఇప్పుడు షుల్ట్సె. ఆ పైన పిల్లల జ్ఞానస్నానాలు వరసగా చూశాను. మొదటి పిల్ల పుట్టినప్పుడు తండ్రికి రెండు పేర్లూ రాశారు. రెండోసారీ అంతే. మూడో పిల్లాడు, అంటే అమెరికా వెళ్లినాయన, పుట్టేసరికి పాత పేరు మాయమైంది. ఫాదరు మారలేదు, చేతిరాత అదే. ఊరు అలవాటు పడిపోయింది, అంతే.

ఆ ప్రాంతంలో కమతాన్ని ముక్కలు చెయ్యరు. మొత్తం ఒక్కరికే వెళ్తుంది. కమతం పేరు ఇంటికి ఉంటుంది, ఆ ఇంటిని ఏలేవాడు ఎవరైతే వాడికి ఆ పేరు. కూతురే వారసురాలైతే పెళ్లి చేసుకుని వచ్చిన అల్లుడు తన పేరు గుమ్మం బయట వదిలి వస్తాడు. జర్మన్ రిజిస్టర్లలో దీన్ని "గెనాంట్" అంటారు, అంటే "అని పిలవబడే". మన ఇల్లరికంలో అల్లుడు అత్తవారింటికి వస్తాడుగానీ ఇంటిపేరు మారదు, దత్తతలో ఇంటిపేరు మారుతుంది. ఇది ఇల్లరికం, దత్తత రెండూ కలిపి వండినట్టుంటుంది. అన్నదమ్ములకే వేరువేరు ఇంటిపేర్లు ఉండటం అక్కడ వింత కాదు. అనుమతి లేకుండా ఇంటిపేరు మార్చుకోకూడదని 1822లో ప్రష్యా రాజు ఆజ్ఞ ఇచ్చాక కూడా పల్లెల్లో ఈ పద్ధతి అంత తేలిగ్గా పోలేదు.

ఇంకా ఉంది. అదే పెళ్లి నమోదులో వధువుని "విదువా", అంటే వితంతువు అని రాశారు. ఆమె మొదటి పెళ్లి వెతికితే అక్కడా అదే కథ. మొదటి భర్తా వేరే ఇంటినుంచి వచ్చినవాడే, అతనూ షుల్ట్సె అయ్యాడు. పెళ్లయిన కొద్ది ఏళ్లకే పోయాడు. కమతం నడవాలి, పైకి కట్టాల్సినవి కట్టాలి, సంవత్సరం తిరక్కుండానే రెండో పెళ్లి. అంటే ఆమె తండ్రి షుల్ట్సె, మొదటి భర్త షుల్ట్సె, రెండో భర్త షుల్ట్సె. ముగ్గురికీ ఒకరితో ఒకరికి రక్తసంబంధం లేదు. మన క్లయింట్ భర్త ఆమె రెండో భర్త వంశంవాడు. ఆ రెండో భర్త పక్క ఊళ్లో కొద్దిపాటి భూమి ఉన్న చిన్న రైతు కొడుకు. పెద్ద కమతానికి వచ్చిపడ్డాడు, కానీ అతని మూడో సంతానానికి అందులో వాటా లేదు, అందుకే ఓడెక్కాడు.

డీఎన్ఏ సంగతి చెప్పగానే అవతల ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఏ ముత్తవ్వా ఏ తప్పూ చెయ్యలేదు. తండ్రి వరస డీఎన్ఏలో షుల్ట్సెలు కలవకపోవడం ఈ కుటుంబంలో సహజం. ఆ పేరు తండ్రి వరసలో వచ్చిందే కాదు.

చార్టు గీయడం దగ్గర తంటా వచ్చింది. మామూలు వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌కి ఒక మనిషికి ఒకటే ఇంటిపేరు. నేను చేత్తోనే గీశాను: ఎడమవైపు నిలువుగా కమతం, అందులో ఒకరి తర్వాత ఒకరుగా కూర్చున్న యజమానులు. కుడివైపు రెండో భర్త పుట్టిన చిన్న ఇల్లు, అక్కడినుంచి ఇటు ఒక బాణం. ఆ చిన్న ఇంటి పేరు మీద ఇంకో మూడు తరాలు వెనక్కి వెళ్లగలిగాను. తర్వాత ఆ చర్చి రిజిస్టర్లే లేవు.

మాటిచ్చాను కాబట్టి తెనాలికి ఫోన్ చేశాను. మాస్టారు మొత్తం అడ్డురాకుండా విన్నారు.

"అంటే ఆయన ఇల్లరికం వెళ్లాడన్నమాట."

"అవును మాస్టారూ."

"వెళ్లి ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు." కాసేపు ఆగారు. "మరి బెంజమిన్ గారి తాత కూడా అలాగే ఎవరింటికో వెళ్లి ఉండొచ్చు కదమ్మా? అటునుంచి ఇటు వచ్చి ఉండొచ్చు కదా?"

ఆ పద్ధతి వెస్ట్‌ఫాలియా వైపుదని, బెంజమిన్ పుట్టింది అక్కడికి చాలా దూరంలో తూర్పు కొసనని చెప్పాను. సహకార బ్యాంకుల షుల్ట్సె-డెలిచ్ గురించి రాసి పెట్టుకున్న కాగితం తీశాను. ఆయన ఆసక్తి చూపలేదు. "ఆయన కూడా మనవాడు కాదుగా" అన్నారు.

తర్వాత ఆ పెళ్లి నమోదు ప్రింటు పంపమన్నారు. లాటిన్ రాకపోయినా ఫర్వాలేదట. మోదో అన్న మాట కింద మాత్రం ఎర్ర పెన్నుతో గీత గీసి పంపమన్నారు.